డొక్కశుద్ధి గల ఇటుకలు

జనవరి 11

వదినా,

ఉత్తరమెందుకు రాస్తోందా అని నొసలు చిట్లించకు. ఫోన్‌లో మనిద్దరం ఒకేసారి మాట్లాడతాం, చివరికి ఎవరేం చెప్పారో ఇద్దరికీ తెలీదు. కాగితం మీదైతే నేను చెప్పేది పూర్తయ్యేదాకా నువ్వు నోరు మూసుకుని ఉండక తప్పదు.

విషయమేమిటంటే, నా నెత్తిన పెట్టిన పాత పంపుల భవనం గురించి నీకు చెప్పాను కదా. ఒకప్పుడు ఊరంతటికీ నీళ్ళు ఇక్కడి నుంచే వెళ్ళేవి. యంత్రాలు ఎప్పుడో ఆగిపోయాయి గానీ ముందు గోడ చూస్తే ఇవాళ్టికీ కడుపు నిండిపోతుంది. పైన ప్లాస్టరింగ్ లేదు, రంగు లేదు. ఇటుక మీద ఇటుక, అంతే. ఒకటి పొడుగ్గా, పక్కది అడ్డంగా, మళ్ళీ ఒకటి పొడుగ్గా. కిటికీల పైకి వచ్చేసరికి విసనకర్రలా విచ్చుకుంటాయి. కట్టినవాళ్ళు గడుసువాళ్ళు. మేలిరకమంతా ఏరి ముందు గోడకి పెట్టి, వంకరటింకరవన్నీ వెనక గోడకి తోసేశారు. చుట్టాలొచ్చినప్పుడు మనం మంచి కప్పులు బయటికి తీస్తాం చూడు, అలాగన్నమాట.

పోయిన నెల నీళ్ళ ట్యాంకరొకటి వెనక్కి వస్తూ వస్తూ ఆ గోడ మూలని గుద్దేసింది. మోకాలెత్తు నుంచి తలెత్తు దాకా ఊడిపోయింది. మా పై అధికారి వచ్చి చూసి, "పగిలినచోట ఏదో ఒక ఇటుక పెట్టి, గోడ మొత్తం ప్లాస్టరింగ్ చేసి క్రీం రంగు వేసేయండి, కొత్తగా ఉంటుంది" అన్నాడు. ఏది చూసినా తెల్లగా పూసేద్దామంటాడు, అందుకే వెనకాల మేమంతా ఆయన్ని సున్నం సార్ అంటాం. కాళ్ళావేళ్ళా పడి గడువు సంపాదించాను. వానలు మొదలయ్యేలోగా పాతవాటికి సరిపోయే ఇటుక తెచ్చి మూల కట్టేస్తే గోడ గోడలాగే ఉంటుంది. లేకపోతే ప్లాస్టరింగే.

ఆ రకం ఇటుక ఇప్పుడెవరూ చెయ్యట్లేదు. పాతవి సన్నం, పొడుగు. కొలతలు కింద రాశాను. ఎరుపు మాత్రం అచ్చం మన బట్టీ మట్టి ఎరుపే. చేసి పెట్టవూ? మొహం శుభ్రంగా ఉండాలి వదినా, మొహం మీద ఒక్క మచ్చ కూడా ఉండకూడదు. మొహం బాగుంటే చాలు, మిగతా వైపులు ఎలా ఏడ్చినా నాకు పర్వాలేదు. అన్నయ్య లారీ ఇటొచ్చినప్పుడు నమూనాకి ఒక పాత ఇటుక ఇచ్చి పంపుతాను.

నీ దగ్గర తప్ప ఎవరి దగ్గరా ఇంత మొహమాటం లేకుండా అడగలేని
నీ ఆడపడుచు


జనవరి 19

ఇంజనీరమ్మా,

నీ ఉత్తరం మీ అన్నయ్య పైకి చదివారు, నేను వంటపని చేసుకుంటూ విన్నాను. "సన్నం, పొడుగు, ఎరుపు, మొహం మీద మచ్చ ఉండకూడదు" అన్న దగ్గర ఆగి, "ఇంతకీ ఎవరికి సంబంధం చూస్తోందిది?" అన్నారు. నవ్వలేక చచ్చాను.

ముందొక మాట నిజం చెప్పు. ఆ గోడని గుద్దింది నీళ్ళ ట్యాంకరేనా? మీ అన్నయ్య లారీ కాదు కదా? ఆయన్ని అడిగితే "ఛ ఛ" అన్నారు గానీ మొదటి ఛకీ రెండో ఛకీ మధ్య కొంచెం ఆలస్యమైంది.

ఇటుక చేస్తాను. చెయ్యకేం? ఇంకొకళ్ళకి చెప్పి ఉంటే నీతో మాట్లాడేదాన్నే కాదు. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఈ బట్టీలో ఇటుక కాలుస్తున్నాను. ఎన్నిళ్ళకి వెళ్ళిందో నాకే తెలీదు. అందులో ఒక్కటంటే ఒక్కటి మళ్ళీ నా కంటపడిందా? గోడ లేవగానే దాని మీద సిమెంటు మెత్తి, రంగు కొట్టేస్తారు. వచ్చినవాళ్ళు "ఏం రంగు వేశారండీ, ఎంత బాగుందో" అంటారు తప్ప ఇటుక ఎవరిదని అడిగిన నరమానవుడు లేడు. మొన్న మా టైలరమ్మ కొత్తింటికి పిలిస్తే వెళ్ళాను. నా ఇటుక చూద్దామని ఇల్లంతా తిరిగితే, స్విచ్చిబోర్డు ఇంకా బిగించని చోట వేలెడంత కనపడింది. నేను దాన్ని చూస్తూ నిలబడితే ఆవిడ, "షాక్ కొడుతుంది వదినగారూ, జరగండి" అంది.

నేను కాల్చిన ఇటుక ఎండకీ వానకీ బయట నిలబడాలని, దారినపోయేవాళ్ళు చూడాలని నాకెంత ఆశో నీకు తెలీదు. నీ ఉత్తరం విని ఏడుపొచ్చినంత పనైంది. మీ అన్నయ్య చూస్తారని ఉల్లిపాయలు ముందుకి లాక్కున్నాను.

మొహం సంగతి నాకొదిలెయ్. అద్దంలా తెస్తాను. ఇంతకీ మొహం మీద బట్టీ ముద్ర వెయ్యనా, వద్దా? అది చెప్పు. నమూనా అన్నావు, అదింకా రాలేదు. మీ అన్నయ్యని అడిగితే "నమూనా అంటూ నాకేమీ ఇవ్వలేదే" అంటున్నారు.

మట్టి చేతులతోనే కలం పట్టిన
నీ వదిన


జనవరి 26

వదినా,

ఇవ్వలేదా! నా చేతులతో తాడు కట్టి మరీ ఇచ్చాను, "అన్నయ్యా, జాగ్రత్త" అని కూడా చెప్పాను. "అలాగేలే" అన్నాడు. ఆ మనిషి చేతిలో ఇటుకే మాయమైతే ఇంక ఉప్పూ పప్పూ ఎలా ఇంటికి చేరుతున్నాయో!

పోనీలే, కొలతలున్నాయిగా. నువ్వు నీ పని కానియ్. ముద్ర మాత్రం వద్దు తల్లీ. మొహం ఖాళీగా, నున్నగా ఉండాలి. గోడ నిండా నీ పేరు కనపడితే సున్నం సార్ నాకు సున్నం పూస్తాడు.

ట్యాంకరే. ఒట్టు. ఆ మనిషిని అనుమానించకు.

పరుగులో ఉన్న
నీ ఆడపడుచు


మార్చి 2

ఇంజనీరమ్మకి,

ఇటుకతో పాటే ఈ ఉత్తరం కూడా మీ అన్నయ్య లారీలో పంపుతున్నాను. ఇదైనా చేరుతుందో లేదో.

ఎంత శ్రద్ధగా చేయించానో చూస్తే నువ్వే అంటావు. మట్టి రెండుసార్లు జల్లించాం. అచ్చులోంచి దించిన ప్రతిదాని మొహం నేనే తడిచేత్తో నిమిరాను. బట్టీలో పేర్చేటప్పుడు మొహానికి మొహం తగలకుండా ప్రతి ఇటుకనీ పక్కకి తిప్పి నిలబెట్టించి, మధ్యలో వేలు పట్టేంత సందు వదిలించాను. పేర్చేవాళ్ళు విసుక్కున్నారు. "మా ఆడపడుచు ఆర్డరు, నోరెత్తకండి" అన్నాను. ఇప్పుడు చూడు, ఒక్క మొహం మీద మసి లేదు, మచ్చ లేదు. చెంప ఆనించి పడుకోవచ్చు.

గోడకి పెట్టగానే రాయి, రెక్కలు కట్టుకుని వాలతాను. నా చెప్పులు కూడా తుడిచి పెట్టుకున్నాను.

గర్వంతో నేలమీద నడవని
నీ వదిన


మార్చి 8

గౌరవనీయులైన శ్రీమతి వదిన గారికి,

ఇటుక ముట్టింది.

మొహం మీద ఒక్క మచ్చ ఉండకూడదని రాశాను. ఒకటికి రెండుసార్లు రాశాను. ఏ ఇటుక తీసినా మొహం మీద అడ్డంగా నల్లచారలే! పైన పెట్టినదీ కింద పెట్టినదీ ఒత్తుకున్న గుర్తులు! మా మేస్త్రీ మర్యాదస్తుడు, ఏమనాలో తోచక అటు తిప్పీ ఇటు తిప్పీ, "వీపు మాత్రం చాలా బాగుందమ్మా" అన్నాడు. ఇలాంటి చారల్తో గోడ కడితే ట్యాంకరు గుద్దినప్పుడే బాగుందంటారు.

అది చాలదన్నట్టు అదే పూట సున్నం సార్ దిగాడు. ఇటుక చూసి ఎంత సంతోషించాడో! "ఇంకేం, ప్లాస్టరింగ్ కిందికి బ్రహ్మాండంగా పనికొస్తాయి" అన్నాడు. వానల్లోగా వేరేవి తెస్తానని మళ్ళీ కాళ్ళావేళ్ళా పడ్డాను. రంగు డబ్బాలు మాత్రం తెప్పించి వరండాలో పెట్టించాడు. రోజూ వాటిని దాటుకుని నా గదిలోకి వెళ్ళాలి.

ఎంత బాగా చేశానో చూడు అని పైగా ఒక ఉత్తరం! నాకు తెలిసిన మొహం వేరు, నీ మొహం వేరు అనుకుంటా.

ఇట్లు,
ఇంజనీరు


మార్చి 14

అధికారిణి గారి సముఖానికి,

నా మొహం జోలికి వచ్చావు కాబట్టి నాలుగు రోజులు నీకు జవాబు రాయకూడదనుకున్నాను. మీ అన్నయ్య ఆ ముక్క మూడుసార్లు చదివి, "అది నీ మొహం గురించి కాదే" అని సర్దిచెప్పబోయారు. "మరి ఎవరి మొహం గురించి, మీదా?" అన్నాను. ఆయన లారీ తుడుచుకోవడానికి వెళ్ళిపోయారు.

వినవమ్మా. ఇటుకకి మొహమంటే వెడల్పుగా ఉండే పైభాగం. అచ్చులోంచి దించాక ఆకాశంకేసి చూసేది అది. ముద్ర వేసేది దాని మీద. నువ్వు ఊళ్ళేలే చదువు చదివి, ఆ పక్కనుండే సన్నటి అంచుని మొహమంటే నాకెలా తెలుస్తుంది? దాన్ని మా బట్టీలో డొక్క అంటాం. మొహానికి మరకంటకూడదనే కదా ఇటుకల్ని డొక్క మీద నిలబెట్టాను! ఒకదాని డొక్క మీద ఇంకోటి ఎక్కితే ఒత్తుకోదూ, చారలు పడవూ? "మిగతా వైపులు ఎలా ఏడ్చినా పర్వాలేదు" అన్నది నువ్వే. నువ్వన్నట్టే ఏడ్చాయి.

ఇదంతా రాసి, కవరు అంటించి, బయటికొచ్చానా, లారీ వెనక చక్రం కింద ఒక ఇటుక కనపడింది. సన్నం, పొడుగు. దానికి తాడు!

"ఇదేంటండీ?" అన్నాను.

"చెల్లెలు ఇచ్చింది. జాగ్రత్త అంది, బండి వెనక్కి జారకుండా కాబోలనుకున్నాను. మంచి ఇటుక, ఎంత బరువుకీ చెక్కుచెదర్లేదు" అన్నారు.

అమ్మడూ, నాకు కోపమొచ్చిందో నవ్వొచ్చిందో నాకే తెలీలేదు. చక్రం కిందనుంచి లాగి, కడిగి, ఒళ్ళో పెట్టుకుని చూశాను. వెడల్పు వైపంతా గరుకు. డొక్క చూద్దును కదా, పట్టులా ఉంది! అప్పుడర్థమైంది. అక్కడే కూలబడి నవ్వాను. నీకు కావలసింది డొక్కశుద్ధి గల ఇటుకలే పిల్లా! చదువు ఒంటబట్టినవాళ్ళకి డొక్కశుద్ధి ఉందంటారే, అలాగ. ఆ ఒక్క మాట రాసుంటే మీ సున్నం సార్‌కి రంగు డబ్బాల ఖర్చు తప్పేది. అంటించిన కవరు చింపి ఇదంతా మళ్ళీ రాస్తున్నాను.

సరే. ఈసారి పడుకోబెట్టి కాలుస్తాను. డొక్కలు రెండూ మంటకేసి చూస్తాయి. దాంతో ఒక చిక్కుంది. పడుకోబెడితే మంట పైకి సరిగ్గా ఎక్కదు, కింద వరసలు బరువుకి పగిలే భయం. అందుకని ఎత్తు తక్కువ పెడతాను, సందులు ఎక్కువ వదులుతాను. వానల్లోగా ఇంకొక్క బట్టీకే టైముంది. ఇది పోతే నీ గోడకి క్రీం రంగు, నా ఇటుకకి మళ్ళీ సిమెంటు దుప్పటి.

అవునూ, ఒకటి పొడుగ్గా పక్కది అడ్డంగా అన్నావు. అడ్డంగా పెట్టినదానికి చివర మాత్రమే కనపడుతుంది కదా? అయితే చివర్లు కూడా శుభ్రంగా ఉండాలా? ఈసారి ఏ మాటకి ఏ అర్థమో బొమ్మ గీసి పంపు.

చక్రం కింద నలిగిన
నీ వదిన


మార్చి 20

నా బంగారు వదినా,

నాకు సిగ్గేసింది, ఆ తర్వాత నవ్వొచ్చింది, నవ్వుతుంటే పక్క గదిలోంచి గుమస్తా వచ్చి ఏమైందని అడిగాడు. చెప్పాను. ఇప్పుడు ఆఫీసంతా అదే మాట. ఎవరైనా ఫైలు సరిగ్గా చెయ్యకపోతే "డొక్కశుద్ధి లేదయ్యా నీకు" అంటున్నారు.

నిన్ను అనరాని మాట అన్నాను. నీ మొహం నాకు దీపంలాంటిది, సరేనా? ఇంకెక్కువ పొగిడితే నెత్తికెక్కుతావు.

బొమ్మ వెనక పేజీలో ఉంది. అవును, చివర్లు కూడా శుభ్రంగా ఉండాలి. మూలకి పెట్టేవాటికి ఒక డొక్క, ఒక చివర రెండూ బయటికే ఉంటాయి. బాణం గుర్తులు పెట్టాను. బొమ్మ అన్నయ్యకివ్వకు.

రంగు డబ్బాల మీద ఎవరో టీ గ్లాసులు పెడుతున్నారు. అదొక్కటే ఓదార్పు.

నీ మీదే ఆశ పెట్టుకున్న
ఆడపడుచు


ఏప్రిల్ 22

అమ్మడూ,

నా తల ప్రాణం తోకకొచ్చింది. బట్టీ అంటించిన రెండోరోజే మబ్బు పట్టింది. వానలకి ఇంకా వేళ కాలేదు, అయినా పట్టింది! ఉన్న పరదాలన్నీ కప్పాం, చాలక మీ అన్నయ్య లారీ టార్పాలిను కూడా విప్పి తెచ్చారు. దేవుడు చల్లగా చూశాడు, నాలుగు చినుకులు రాల్చి వెళ్ళిపోయింది.

చల్లారేదాకా నాకు అన్నం సహించలేదు. "వెళ్ళి విప్పు" అని మీ అన్నయ్య, "ఇంకాసేపాగండి" అని నేను. చివరికి ఆయనే పైవరసలోంచి ఒకటి లాగి నా చేతిలో పెట్టారు. కళ్ళు మూసుకుని డొక్క తడిమాను. నున్నగా ఉంది. కళ్ళు తెరిచాను. ఒక్క చార లేదు! "ఉందండీ, డొక్కశుద్ధి ఉంది!" అని అరిచాను. పనివాళ్ళకి నాకేమైందో అర్థం కాలేదు.

కింద వరస కొంత పగిలింది, అనుకున్నదే. మంచివి ఏరి పంపుతున్నాను. ఒకటే బెంగ. అన్నీ ఒక ఎరుపు రాలేదు. మంట దగ్గరవి ముదురు, దూరంవి లేత. నువ్వు మళ్ళీ గౌరవనీయులైన శ్రీమతి అంటావేమోనని ముందే చెబుతున్నాను.

పెట్టగానే రాయి. నేనొచ్చి చూడాలి. చెప్పులు మళ్ళీ తుడిచాను.

బెంగా ఆశా సగం సగంగా,
నీ వదిన


మే 23

వదినా! వదినా! వదినా!

ఎరుపు ఒకటే రాలేదని బెంగపడ్డావు చూడు, అదే మమ్మల్ని గట్టెక్కించింది. పాత గోడలో మాత్రం ఒకటే ఎరుపుందా? ముదురూ లేతా కలగలిసే ఉన్నాయి. అన్నీ ఒకేలా తెచ్చుంటే గోడకి అతుకేసినట్టు ఉండేది. మా మేస్త్రీ ఇంకో ఉపాయం చెప్పాడు. కొత్తవన్నీ మూలకే పెడితే తెలిసిపోతుందని, గోడలో అక్కడక్కడా పొడైపోయిన పాతవి తీసేసి వాటి చోట కొన్ని నీవి పెట్టాం. గుద్దినప్పుడు రాలినవాటిలో బాగున్నవి తిరిగి మూలలోకి కలిపేశాం. సందులకి పాతకాలం లాగే సున్నం. చివర్న ఇటుక పొడితో గోడంతా రుద్ది కడిగాం.

నిన్న సున్నం సార్ వచ్చాడు. గోడకెదురుగా నిలబడ్డాడు. అటు నడిచాడు, ఇటు నడిచాడు. ఆఖరికి నా వైపు తిరిగి చిరాగ్గా, "ఏమ్మా, వానలు నెత్తి మీదికొచ్చాయి, మరమ్మతు మొదలెట్టేది ఎప్పుడు?" అన్నాడు!

"అయిపోయింది సార్" అన్నాను. నమ్మలేదు. మేస్త్రీని పిలిచి అడిగాడు. చాలాసేపు చూసి, "అయితే ఆ డబ్బాలు కాంపౌండు గోడకి వాడేయండి" అని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి మళ్ళీ వెనక్కి చూశాడు.

వదినా, నీ ఇటుక బయట నిలబడింది. ఏ దుప్పటీ లేదు. వెంటనే వచ్చెయ్.

గోడ ముందే కూర్చుని ఇది రాస్తున్న
నీ ఆడపడుచు


జూన్ 9

అమ్మడూ,

క్షేమంగా ఇల్లు చేరాను. నేను బస్సెక్కేటప్పుడు సరిగ్గా మాట్లాడలేదని నువ్వు చిన్నబుచ్చుకుని ఉంటావు. నిజమే, నాకు కోపమొచ్చింది. అంత దూరం వచ్చి, గోడ ముందు నిలబడి "ఏదీ, నావి చూపించు" అంటే, నువ్వు మూడో వరస చూపించావు. మేస్త్రీ "అది పాతదమ్మా, వదిన గారిది దాని పైన" అన్నాడు. నువ్వు కాదన్నావు. మీరిద్దరూ నా ముందే వాదులాడుకున్నారు. వాచ్‌మన్ వచ్చి ఇంకోటేదో చూపించాడు. నేను మట్టి తొక్కించి, నిమిరి, కాల్చి, ఏరి పంపిన ఇటుక! నాకైనా తెలియాలి కదా? ప్రతిదాన్నీ తడిమాను. తెలీలేదు. ఇన్నేళ్ళూ సిమెంటు కింద కనపడలేదు, ఇప్పుడు కళ్ళెదురుగా ఉండీ కనపడట్లేదని ఏడుపొచ్చింది. అందుకే మాట్లాడలేదు, నీ మీద కాదు.

నువ్వు వెళ్ళాక బస్సు కదల్లేదు. కండక్టరు టీకి వెళ్ళాడు. ఇంతలో వాన మొదలైంది. కిటికీలోంచి రోడ్డుకి అవతల గోడ కనపడుతోంది. తడిసేకొద్దీ ఎరుపెక్కింది. దారినపోయేవాళ్ళు వాన తప్పించుకోవడానికి ఆ తలుపు కమాను కింద చేరారు. ఒకాయన వీపు గోడకానించి నిలబడ్డాడు, ఆయన వెనక ఉన్నది నాదో, నూరేళ్ళనాటిదో. ఎవరిదైతేనేం, చల్లగా ఆనుకున్నాడు. అలా చూస్తూ ఉంటే నా కోపం ఎప్పుడు పోయిందో తెలీదు.

నా పక్కన ఎవరో పెద్దావిడ కూర్చుంది. తనూ అటే చూస్తూ, "ఎంత బాగుందండీ ఆ గోడ! ఎర్రగా, నిండుగా" అంది.

ఉండబట్టలేకపోయాను. "ఆ ఇటుక మాదేనండీ" అనేశాను.

"అలాగా! ఏ ఇటుకండీ?" అంది.

ఇంకోసారి గోడ మొత్తం చూశాను. ఏదని చూపించను? "అన్నీ" అన్నాను.

ఆవిడ గోడ వంక చూసింది, నా వంక చూసింది, మళ్ళీ గోడ వంక చూసింది. "అది మా నాయనమ్మ పుట్టకముందు కట్టిన బిల్డింగంటారు. మీ వయసెంతండీ?" అంది.

"ఆ మాత్రం ఉంటుంది లెండి" అన్నాను.

వానలో తడిసి నూరేళ్ళు దాటిన
నీ వదిన